మనకు లేని కాలవ

మా నాన్న బందరు కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఏది చెప్పినా తూములు, షట్టర్లు, బోదెల భాషలోనే చెప్పేవాడు. 1981లో మద్రాసు బర్మా బజార్‌లో కొన్న సాన్‌సుయి ఆంప్లిఫయర్‌ని కూడా నాకు అలాగే చెప్పాడు.

రాత్రంతా రైల్లో ఒళ్లో పెట్టుకుని సత్యనారాయణపురం ఇంటికి తెచ్చాడు దాన్ని. ప్లగ్గు పెట్టేముందు వెనకవైపు టార్చి వేసి, వోల్టేజి మన కరెంటుకు సరిపడా ఉందో లేదో చూసుకున్నాడు. తర్వాత నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు.

"బ్యారేజీ దగ్గర ఒక్క ఏటిలోంచి ఇన్ని కాలవలు పోతాయి కదా. ఇక్కడ దానికి తలకిందులు. కాలవలన్నీ వచ్చి ఒక్క చేలో పడతాయి. ఇప్పుడు ఏ కాలవ నీళ్లు రావాలో ఈ సెలెక్టర్ చెబుతుంది. ఇది ఫోనో, ఇది ట్యూనర్, ఇది ఆక్స్."

ఒకసారి పక్కింటివాళ్ల టేప్‌రికార్డర్ తెచ్చి ఫోనో సాకెట్లో గుచ్చాను. స్పీకర్లు చిరిగిపోతాయేమోనన్నంత రొద. నాన్న పరిగెత్తుకొచ్చి వాల్యూమ్ తగ్గించాడు గాని కొట్టలేదు. "చెమ్మ పారే బోదెలోకి వరద వదిలావురా" అన్నాడు.

అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు. సూది నుంచి వచ్చేది రెండు మూడు మిల్లీవోల్టులే. ట్యూనరో, టేప్‌రికార్డరో ఇచ్చేది దానికి యాభై అరవై రెట్లు. అందుకే ఫోనో దారిలో అదనంగా పెంచే సర్క్యూటు ఒకటి ఉంటుంది. అది పెంచి ఊరుకోదు, సరిదిద్దుతుంది కూడా. రికార్డు చెక్కేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచి చెక్కుతారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి బాగా అటూ ఇటూ ఊగి పక్క గాడిలోకి పోతుంది. తగ్గించింది పెంచి, పెంచింది తగ్గించి, పాటను మళ్లీ పాటగా చేసేది ఫోనో. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి తీగను వెనకున్న గ్రౌండ్ మరకు బిగించకపోతే గుయ్యిమని ఒకటే మోత. ఈ పని మాత్రం ఎవరికీ అప్పగించేవాడు కాదు నాన్న.

రెండు స్పీకర్లకూ సమాన దూరంలో, సరిగ్గా మధ్యలో, ఆయన పేము కుర్చీ ఉండేది. మేమెవరం దాన్ని జానెడు కూడా జరపకూడదు. ఇక నాబ్‌ల వరసలో ఓ చివర చిన్న మీట, టేప్ మానిటర్. అదేమిటని అడిగితే, "దాని జోలికెళ్లకు. మనకా కాలవ లేదు" అనేవాడు. ముప్పై ఏళ్లు దాటినా దాన్ని ఆయన వేలు తాకి ఉండదు.

ఆ కుర్చీలో ఆయన విన్నది ఎక్కువగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ. విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది 1948 డిసెంబరులో. బాలమురళి అక్కడ పనిచేసిన రోజుల్లో పొద్దున్నే భక్తిరంజని వింటూ పెరిగినవాడు నాన్న. జీతంలో మిగిల్చి ఒక్కొక్క ఎల్పీ కొన్నాడు.

2017 సంక్రాంతికి డల్లస్ నుంచి వచ్చాను. రికార్డులు అరిగిపోకముందే దాచిపెట్టాలని రెండు రాత్రులు మేలుకున్నాను. వెనక టేప్ సాకెట్లకు పోయే తీగ, వచ్చే తీగ రెండూ ల్యాప్‌టాప్‌కి కలిపి, నలభై ఎల్పీలు ఎక్కించాను. వెళ్లే రోజు హడావుడిగా తీగలు పీక్కుని సంచిలో వేసుకున్నాను.

పది రోజులకు నాన్న ఫోన్. "పాట రావట్లేదురా. లైటు వెలుగుతోంది."

"ముప్పై ఆరేళ్లయింది కదా నాన్నా. లోపలేదో కాలిపోయి ఉంటుంది. నేనింకోటి పంపిస్తాలే."

"సరేలే" అన్నాడు.

బ్లూటూత్ స్పీకర్ పంపాను. ఆ నలభై ఎల్పీల పాటలూ ఓ కొత్త ఫోన్లో వేసి దానికి జత చేసి మరీ పంపాను. బావుందా అని అడిగిన ప్రతిసారీ బావుందనే అన్నాడు.

2020 ఫిబ్రవరిలో నాన్న పోయాడు. పెద్దకర్మ అయ్యాక గది సర్దుతుంటే బీరువాలో ఆ స్పీకర్ కనబడింది, పెట్టె మీది టేపు కూడా ఊడలేదు. పేము కుర్చీ మూలకు చేరింది. టర్న్‌టేబుల్‌కి ఆనుకుని వంటింటి పీట ఒకటి ఉంది. మూత తీసి గోడకు ఆనించి ఉంది.

ఆంప్లిఫయర్‌నైనా బాగు చేయించి తీసుకెళదామని పాత రేడియోలు బాగుచేసే ఓ పెద్దాయన్ని పిలిపించాను. ఆయన స్క్రూడ్రైవర్ సంచి విప్పలేదు. కళ్లజోడు పైకి తోసుకుని ముందు పలక మీద ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లి, చివర ఆగాడు.

"దీనికి టేప్ డెక్కు ఉండేదాండీ?"

"లేదండీ."

"మరి ఈ మీట నొక్కి ఉందేంటి? ఇది నొక్కితే సెలెక్టర్లో ఏది పెట్టినా స్పీకర్ల దాకా రాదు. టేప్ సాకెట్లోంచి తిరిగొచ్చిందే వస్తుంది. అక్కడేమీ లేకపోతే ఇంకేం వినబడుతుంది?"

మీట పైకి లేపాడు. రికార్డు మీద సూది పెట్టాడు. గది నిండా బాలమురళి తిల్లానా.

ల్యాప్‌టాప్‌లోంచి తిరిగొచ్చే పాట వినడానికి ఆ మీట నొక్కింది నేనే. తీగలు పీకాను గాని, మీట లేపలేదు.

ఎంతివ్వమంటారని అడిగాను. "దేనికండీ, పాడవలేదుగా" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడాయన.

అమ్మ తడిచేతులతో వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. స్పీకర్ల వైపు చూడలేదు, ఆ పీట వైపే చూస్తోంది.

"ఇదిక్కడికెందుకు తెచ్చారమ్మా?"

"కాలిపోయిందని నువ్వు చెప్పావుగా, మీ నాన్న దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. రికార్డు మాత్రం రోజూ తిప్పేవారు. చెవి ఆనిస్తే సూది దగ్గరే సన్నగా వినబడుతుందటరా. మూడేళ్లూ ఆ పీట మీద వంగి కూచుని అట్లాగే విన్నారు. మే నెలలో కూడా ఫ్యాను కట్టేయమనేవారు."