మూడో గడి

ఫ్లాష్ కార్ట్ కొనాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను.

1996లో మావయ్య న్యూజెర్సీ నుంచి తెనాలి వస్తూ నాకు గేమ్ బాయ్ తెచ్చాడు. బూడిద రంగు డబ్బా, పచ్చటి తెర, వెనక నాలుగు పెన్సిల్ సెల్లులు. కార్ట్రిడ్జ్‌ని మేం క్యాసెట్ అనేవాళ్ళం. అదీ ఒక్కటే: 'లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్'. లింక్ అనే కుర్రాడి ఓడ తుఫానులో మునిగిపోతుంది. దీవికి కొట్టుకొచ్చిన ఆ కుర్రాడు ఎనిమిది వాయిద్యాలు సంపాదించి, వాటిని మోగించి, కొండ మీది గుడ్డులో నిద్రపోతున్న విండ్ ఫిష్‌ని లేపాలి. హైస్కూలు రోజుల్లో నాకు అదే లోకం. ఆర్టీసీ డ్రైవరైన నాన్న "ఈ సెల్లులకే జీతం సరిపోయేట్టుందిరా" అని రోజూ కోప్పడేవాడు.

1998లో ఇంటర్ చదువుకని విజయవాడ హాస్టల్లో చేరాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు గోడ గడియారానికి సెల్లు కావలసి గేమ్ బాయ్ వెనక మూత తీస్తే, ఎప్పుడు తీసినా కొత్తవే ఉండేవి. అమ్మ వేయించి ఉంచుతోందనుకున్నాను. ఆడే తీరిక మాత్రం నాకు లేకపోయింది. 2000 మార్చిలో, నా రెండో ఏడు పరీక్షలకు వారం ముందు, నాన్న గుండెపోటుతో పోయాడు. గేమ్ బాయ్ బీరువాలోకి వెళ్ళిపోయింది.

ఈమధ్య తెనాలి ఇల్లు ఖాళీ చేస్తుంటే అది మళ్ళీ చేతికొచ్చింది. లోపలి సెల్లులు కారి స్ప్రింగులు చిలుము పట్టాయి. ఆన్ కాలేదు. హైదరాబాదు తెచ్చి, పాత గేములు సేకరించే ఆఫీసు మిత్రుడికి చూపించాను.

"బాగు చేయించి, దానికో ఎవర్‌డ్రైవ్ కొను" అన్నాడు. అది ఉక్రెయిన్‌లో తయారయ్యే ఫ్లాష్ కార్ట్. చూడ్డానికి మామూలు క్యాసెట్టే, లోపల మైక్రో ఎస్డీ కార్డు పెట్టుకోవచ్చు. ఈ గేమ్ బాయ్ కోసం వచ్చిన ఆటలన్నీ వేసినా 32 జీబీ కార్డులో సగం కూడా నిండదు.

"అసలు సంగతి అది కాదు" అన్నాడు మళ్ళీ. "నీ క్యాసెట్‌లో ఆట సేవ్ అయ్యేది 8 కిలోబైట్ల మెమరీలో. కరెంటు లేకపోతే దానికేమీ గుర్తుండదు. లోపల వాచీ సెల్లు లాంటి 3 వోల్టుల బిళ్ళ ఒకటి ఇన్నేళ్ళుగా దాన్ని కాపాడుకుంటూ వస్తోంది. అది అయిపోయిన రోజు అన్నీ పోతాయి. యూఎస్‌బీ రీడర్ ఒకటి దొరుకుతుంది. దాంతో ముందు నీ సేవ్ కంప్యూటర్లోకి తీసుకుని, ఫ్లాష్ కార్ట్‌లో వేసుకో. ఇక ఏ బెంగా ఉండదు."

"పాత సేవ్‌లో ఏముందిలే" అన్నాను.

ఫ్లాష్ కార్ట్ ఖరీదు కస్టమ్స్‌తో కలిపి పన్నెండు వేలు దాటుతోంది. పైగా మనం కొన్న ఆటకి మనం కాపీ తీసుకోవడం వేరు, కొనని ఆటలన్నీ తెచ్చి నింపుకోవడం వేరు. అది నాకు మనస్కరించలేదు. నాకు కావలసింది ఒక్క ఆట, ఆ క్యాసెట్ నా దగ్గరే ఉంది. కొత్త సెల్లు వేయిస్తే చాలు కదా! ఫ్లాష్ కార్ట్ వద్దని తేల్చుకున్నాక మనసు తేలికపడింది.

శనివారం జగదీశ్ మార్కెట్‌లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. కుర్రాడు ముందు స్ప్రింగుల చిలుము గీకి శుభ్రం చేశాడు. క్యాసెట్ స్క్రూ మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. అది పెట్టి విప్పాడు. అరచేతిలో పట్టే పచ్చటి బోర్డు, దాని మీద సోల్డరింగ్ చేసిన వెండి రంగు బిళ్ళ. మల్టీమీటర్ పెట్టి చూశాడు.

"అన్నా, 2.8 ఉంది. సెల్లు ఇంకా బతికే ఉంది. లోపల ఏమన్న సేవ్ చేసుకున్నవా? ఇది పీకితే మొత్తం పోతది."

"నాదే తమ్ముడూ, చిన్నప్పటిది. పోతే పోనీ. విప్పావు కదా, కొత్తది వేసెయ్."

రెండు నిమిషాల పని.

ఆదివారం పొద్దున్నే డాలస్‌లో ఉన్న చెల్లికి వీడియో కాల్ చేసి, ఆట నడుస్తున్న తెర చూపించాను. దానికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"అన్నయ్యా, అది ఇంకా పనిచేస్తోందా! ఏదీ, మూడో గడి చూపించు."

"మూడో గడి ఏంటే?"

"సేవ్ చేసుకోవడానికి మూడు గడులుంటాయిగా. మొదటిది నీది. మూడోది నాన్నది. అందులో పేరుకి అయిదు అక్షరాలే పడతాయి. ఇంగ్లీషులో 'నాన్న' అని నేనే కొట్టిచ్చాను. నువ్వు హాస్టల్‌కెళ్ళిన నెలకే, వీడికి ఇందులో అంతగా ఏం కనపడిందో చూద్దాం అని మొదలుపెట్టాడు. డ్యూటీ దిగి బస్టాండులో సెల్లులు కొనుక్కొచ్చేవాడు. ఆ తెరకి లైటుండదుగా, రాత్రిళ్ళు వరండాలో బల్బు కింద కూర్చుని ఆడేవాడు. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. రెండేళ్ళు పట్టింది, ఏడు వాయిద్యాలు తెచ్చాడు. ఎనిమిదోది మాత్రం ముట్టుకోలేదు. 'వాడి పరీక్షలు అయిపోనీ, ఇద్దరం కలిసి తెస్తాం' అన్నాడు. చూపించు అన్నయ్యా, ఒక్కసారి."

తెర చెల్లికి కనపడకుండా గేమ్ బాయ్ నా వైపు తిప్పుకున్నాను.

మూడు గడులూ ఖాళీగా ఉన్నాయి.