ముప్పై ఆరు లుంగీలు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా అన్నయ్య కొడుకు ఫోనులో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నాడు. చెరుకుపల్లి నుంచి రేపల్లె దాకా కాలవ కట్ట మీద బాతుల మందను తోలుకుపోవాలి. దారిలో లారీలు, కుక్కలు, కనగాల దగ్గర ఒక దున్నపోతు. కోడు రాయడం వాడికి వచ్చు, బొమ్మ గీయడం రాదు. వాడు గీసిన బాతును చూసి మా వదిన చెప్పనుకుంది. డబ్బిచ్చి గీయించుకునే స్తోమత లేదు కనక ఓపెన్‌గేమ్‌ఆర్ట్ అనే చోటికి పోయాడు. అది 2009 నుంచి నడుస్తున్న బొమ్మల సత్రం. అక్కడ దించుకున్న బొమ్మల వెంట ఒక చిన్న రీడ్‌మీ ఫైలు వచ్చింది.

“బాబాయ్, ఇంగ్లీషు ముక్కలన్నీ తెలిసినవే. కలిపి చదివితే ఏందో అర్థం కావట్లా” అని నా ముందు పెట్టాడు.

మెదకు సీమ మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు, సంజీవని రాశాడు. నాకు రీడ్‌మీ దొరికింది. బడిలో ఏళ్ళ తరబడి ప్రతిపదార్థాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా? బొమ్మలు వాడుకోవడానికి అందులో రాసిన షరతులన్నీ ముందు ఒక ఆటవెలదిలోకి దించి, తర్వాత విప్పాను.

మూలము

ఆ. ఉచితమండ్రు గాని యుత్తదా యీ బొమ్మ?
పేరు చెప్పవలయుఁ బిలిచి పిలిచి;
దిద్దుకొన్నవాఁడు తిరిగి పంచఁగవలె;
ఆటవెలది యనిన నర్థమిదియె.

ప్రతిపదార్థము

ఉచితము + అండ్రు + కాని = ఊరికే ఇచ్చారంటారు గానీ; ఈ బొమ్మ = తెర మీద వేలెడంత లేని ఈ మనిషి; ఉత్తదా = అడిగే నాథుడు లేనిదా? (కాదని కాకువు.) పేరు = గీసినవాడి పేరు; పిలిచి పిలిచి = ఎలుగెత్తి; చెప్పవలయున్ = చెప్పాలి. దిద్దుకొన్నవాఁడు = ఆ బొమ్మను తనకు కావలసినట్టు మార్చుకున్నవాడు; తిరిగి = ఆ మార్చినదాన్ని అదే షరతు మీద; పంచఁగవలె = పదిమందికీ ఇవ్వాలి. తక్కినది సులభము.

విశేషములు

“ఉచితము.” ఇక్కడ పూర్వపక్షం మా సెంటరులో ఫ్లెక్సీలు వేసే కుర్రాడిది. “నెట్లో ఉన్నదేగా మాస్టారూ, అందరిదీనూ!” కట్ట మీద పోయే బాతులన్నీ ఊరివే అన్నట్టుంది. వెతికితే కనపడటం వేరు, వాడుకోమని ఇవ్వడం వేరు. ఇస్తున్నామని రాసి ఇచ్చే పద్ధతికి క్రియేటివ్ కామన్స్ వాళ్ళు 2002లో ఒక రూపం తెచ్చారు. మన పద్యంలో ఉన్నది వాళ్ళ సీసీ బై ఎస్‌ఏ అనే రకం. ‘బై’ అంటే రెండో పాదం, ‘ఎస్‌ఏ’ అంటే మూడో పాదం.

రెండో పాదానికి ఒక పాఠాంతరం ఉంది: “పేరు చెప్పకున్న బెంగలేదు.” దీన్ని సీసీ జీరో అంటారు. నీళ్ళొదిలి ధారపోసిన దానం. నెదర్లాండ్స్‌కు చెందిన కెన్నీ వేలకొద్దీ బొమ్మల్ని ఈ పాఠంతోనే ఇస్తున్నాడు. “అమ్మరాదు” అని చేర్చే ప్రతులూ కొన్ని ఉన్నాయి. ఆటలో ప్రకటన వేసి నాలుగు రూపాయలు చూద్దామనుకునేవాడు అలాంటివి తాకకపోవడం మంచిది.

“పేరు చెప్పవలయుఁ బిలిచి పిలిచి.” ఆమ్రేడితం ఊరికే పడలేదు. ఎవరు గీశారు, బొమ్మ పేరేమిటి, ఎక్కడ దొరికింది, ఏ షరతు మీద ఇచ్చారు, నేనేం మార్చాను: ఇన్నీ చెబితేనే పేరు చెప్పినట్టు. ‘బొమ్మలు: ఇంటర్నెట్’ అని రాయడం శుభలేఖలో ‘ఆహ్వానించువారు: మనుషులు’ అని వేయడంతో సమానం.

ఈ పాదం దగ్గర నాకు కాటిసీను గుర్తొస్తుంది. మా వైపు హరిశ్చంద్ర నాటకం చూడని పెద్దలు అరుదు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిసీను వచ్చేసరికి వేషగాడు హార్మోనియం వైపు ఒకసారి చూసి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు ఎత్తుకుంటాడు. ఆ పద్యాలు నాటకంలోవి కావు. ఎవరో తెచ్చి అక్కడ అతికించారు, అతుకు తెలియనంతగా అమిరాయి. అతికించడం తప్పని నేననను. పద్యాలు ఊరూరా బతికింది అందువల్లే. కానీ ఒన్స్‌మోర్ కొట్టేవాళ్ళలో చాలామంది అవీ బలిజేపల్లివే అనుకుంటూ ఇంటికి పోయేవారు. చావు ముందు అంతా ఒకటేనని రాసిన వినుకొండ కవి పేరు సరిగ్గా ఆ సీనులోనే వినపడదు. నేనూ కుర్రతనంలో అలా అనుకున్నవాణ్ణే.

ఇంకొకటి. మావాడి ఆట పేరు రాసిన అక్షరాలు ‘తెనాలి రామకృష్ణ’ ఖతిలోవి. సిలికానాంధ్ర వాళ్ళు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వదిలారు. ఆటలో వాడుకోవచ్చు, ఆ ఖతి ఒక్కదాన్నే మూటగట్టి అమ్ముకోకూడదు. ఖతికి పేరిచ్చిన కవి తెలియని తెలుగువాడు లేడు. అక్షరాలు చెక్కినవాడి పేరు ఎంతమంది విన్నారు?

“దిద్దుకొన్నవాఁడు తిరిగి పంచఁగవలె.” మావాడు దించుకున్న మనుషుల బొమ్మలు లిబరేటెడ్ పిక్సెల్ కప్ అనే 2012 నాటి పోటీ సంతానం. క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, మొజిల్లా, ఓపెన్‌గేమ్‌ఆర్ట్ కలిసి పెట్టాయి. అందరూ ఒకే కొలతలో గీయాలన్నది అందులో కిటుకు. ఒకరి తలకు ఇంకొకరి చొక్కా అతుకుతుంది. మన నాటక కంపెనీల అద్దె తెరల్లాంటి ఏర్పాటే: ఒకే దర్బారు తెర అయోధ్యకూ చెల్లుతుంది, హస్తినకూ చెల్లుతుంది.

చిక్కల్లా ఎక్కడంటే, ఆ సత్రంలో కోటలున్నాయి, కత్తులున్నాయి, అస్థిపంజరాలున్నాయి. వరి మడి మావాడికి కనపడలేదు. బాతులు కాసే మనిషికి ప్యాంటూ బూట్లూ ఉన్నాయి. “ఇట్టాంటి వాణ్ణి కట్ట మీద చూస్తే బాతులే నవ్వుతాయి బాబాయ్” అని మావాడు ప్యాంటు చెరిపి లుంగీ దిద్దడానికి కూర్చున్నాడు.

ఒక్క లుంగీ అనుకునేరు. ఆ మనిషి నడవాలంటే ఒక్కో వైపుకి తొమ్మిది బొమ్మలు, నాలుగు వైపులకీ కలిపి ముప్పై ఆరు. ఒక్కోటీ 64 చుక్కల పొడవు, 64 చుక్కల వెడల్పు గడిలో ఉంటుంది. నడుము కింద లుంగీకి మిగిలే చోటెంత? అందులోనే మడిచి కట్టిన అంచు కనపడాలి, అడుగు వేసినప్పుడు అంచు కదలాలి. మా అన్నయ్యను వరండాలో అటూ ఇటూ నడిపించి వీడియో తీశాడు. వారం పట్టింది. ఎడమ వైపు నడకలో నాలుగో బొమ్మ దగ్గర గళ్ళు ఎగిరి పక్కకు పడ్డాయి. నేను చూసి చెబితే మళ్ళీ దిద్దాడు. అంతా అయ్యాక మూడో పాదం ఎదురొచ్చింది.

“నేను గీసిన లుంగీ కూడా ఇచ్చెయ్యాలా బాబాయ్?”

“ఆట బయటపెడితే ఇవ్వాలిరా. ఆ నడుమూ కాళ్ళూ నువ్వు గీసినవి కావుగా.”

లుంగీ ఒక్కటీ ఇస్తే చాలా, ఆట కోడు కూడా ఇవ్వాలా అని పండితులు వాదులాడుకుంటారు. దిద్దిన బొమ్మ మట్టుకు ఇస్తే సరిపోతుందన్నది ఎక్కువమంది వాడుక. నేనూ ఆ పక్షమే.

“ఆటవెలది యనిన నర్థమిదియె.” ఇది సభంగ శ్లేష. ఆటవెలది అంటే నాట్యకత్తె అని ఒక అర్థం, ఛందస్సు పేరు మరొకటి. మూడోది ఆట + వెల + అది. ‘వెల + అది’ అత్వసంధి వల్ల ‘వెలది’ అయింది. అంటే ఆటకు వెల అదీ: రెండో పాదమూ, మూడో పాదమూ. ఈ విరుపు తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేపి చెప్పబోతే ఇంట్లోవాళ్ళు వినిపించుకోలేదు.

మూడో పాదం చివర ‘వలె’, నాలుగో పాదం మొదట ‘ఆట’ సంధి లేకుండా ఎదురెదురుగా నిలబడ్డాయి. విసంధి దోషమే, ఒప్పుకుంటున్నాను. ఈ పద్యాన్నీ అదే షరతు మీద ఇస్తున్నాను కనక దిద్దగలవారు దిద్ది పంచవచ్చు.

తాత్పర్యము

లుంగీ ఇచ్చేశాడు. ఇచ్చాక ఆట చివర పేర్లు ఎక్కించడానికి కూర్చున్నాడు. మనిషి: స్టీఫెన్ చాలెనర్. నేల: లానియా జిమ్మర్‌మాన్. ఇంకా ఎవరెవరో. అక్షరాలు: ఖతి చెక్కినవాడి పేరు. లుంగీ: వాడి పేరు. దాని కింద ‘లుంగీ నమూనా: మా నాన్న’.

ఆట ఆడించి అన్నయ్యకు చూపించాం. బాతులు రేపల్లె చేరాయి, పేర్లు పైకి పాకడం మొదలుపెట్టాయి. అన్నయ్య కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకునేసరికి తెర ఖాళీ.

“నా పేరు ఎంతసేపుంటదిరా?”

“రెండు సెకన్లు నాన్నా.”

“మళ్ళీ కనపడాలంటే?”

“మళ్ళీ చెరుకుపల్లి నుంచి తోలుకురావాలి.”

అన్నయ్య లుంగీ ఎగ్గట్టుకుని, ఫోను అందుకుని, మొదటి బాతును అదిలించాడు.