గాలి మీద పేరెక్కడ రాయను?

చందాలివ్వడం మా కోనసీమవాళ్లకి కొత్త కాదు. కనుమనాడు జగ్గన్నతోటకి ప్రభ కట్టాలంటే డబ్బు అడక్కుండానే వచ్చి పడుతుంది. గుడికి గచ్చు, బడికి బీరువా, బస్టాపులో సిమెంటు బల్ల, దేనికైనా దాత దొరుకుతాడు. షరతు ఒక్కటే, పేరు రాయడానికి చోటుండాలి. మా గుళ్లో ట్యూబులైటు మీద దాత పేరు తాతతండ్రులతో సహా రాయించారు. ఆ అక్షరాల సందుల్లోంచి వచ్చినంత వెలుతురే దేవుడికి.

నేను అడుగుతున్నదేమో రేడియోకి. ఊరివాళ్లే పెట్టుకుని, ఊరివాళ్లే మాట్లాడే కమ్యూనిటీ రేడియో.

"పేరు రేడియోలో చెప్తామండి" అంటాను.

"ఒకసారి చెప్తే గాలికి పోద్ది కదండీ. రాయి ఏదన్నా వేయిస్తారా?" అని స్టూడియో గోడ కొలతలు అడుగుతారు. ఉన్నది ఒక్క గది. దాని గోడలకి చప్పుడు రాకుండా మెత్తలు అతికించాలి. రాయి తాపితే మాట ఖంగుమంటుంది.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారని చెప్పి చూశాను. ఆళ్లకెవరిచ్చారని అడిగారొకాయన. మొదట్లో యునెస్కో సాయం చేసిందన్నాను. "మరి ఆ యునెస్కోగారి దగ్గరికే వెళ్లకపోయారా?"

పోనీ అని సుప్రీంకోర్టుని తెచ్చాను. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు వచ్చింది, ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు జస్టిస్ జీవన్ రెడ్డి కూడా ఉన్నారన్నాను. "ఆయ్, మన ఆస్తికి మనమే చందా ఇచ్చుకోవడమేటండి?" అన్నారు. ఇంత చక్కటి లా పాయింటు నాకు తట్టలేదు.

పన్ను మినహాయింపు రసీదు ఇస్తామని ఆశ పెడదామంటే, ఇక్కడ సంపాదనంతా కొబ్బరి. సేద్యం మీద ఆదాయానికి పన్నే లేదు, ఇక మినహాయింపు ఎవరిక్కావాలి? అంబాజీపేటలో వెయ్యి కాయల ధర పెరిగితే "దింపు తీశాక కనపడండి" అంటారు. తగ్గితే "ధర చూశారు కదా" అంటారు. ధర నిలకడగా ఉన్న రోజు ఇంట్లో ఉండరు.

అమలాపురం మైకుసెట్టు కుర్రాడొకడు మాత్రం చాలా జాలిపడ్డాడు. మాకు అనుమతి ఉండేది 100 వాట్ల దాకా అని విని, "నా బాక్సులే అంతకన్నా ఎక్కువండి, అద్దెకి తీసుకుపోండి" అన్నాడు. ఆ శక్తికి పది పదిహేను కిలోమీటర్లు వినపడితే గొప్ప. అంటే అమలాపురంలో టవరు లేపితే రాజోలుకీ కొత్తపేటకీ అందదు. వినపడని రేడియోకి చందా అడిగే మొహం నాకు లేదు, అయినా అడిగాను.

ప్రకటనలతో నడవకూడదా అంటారు. గంటకి 12 నిమిషాలు వేసుకోవచ్చని, సర్కారు ప్రకటనకి పది సెకన్లకి 74 రూపాయలని 2024లో కేంద్రం చెప్పింది. నిజమే. కానీ బేరానికి వెళ్తే బట్టలకొట్టాయన ఫ్లెక్సీలో అయితే తన ఫొటో పడుతుందని గుర్తుచేశాడు.

ఇక మిగిలింది అమెరికా. అక్కడ బర్క్‌లీలో కేపీఎఫ్ఏ అనే స్టేషను 1949 నుంచి శ్రోతల చందాలతో నడుస్తోంది. "మావాడూ అక్కడేదో రేడియోకి నెలనెలా కడతాడండి, గుడ్డసంచీ కూడా ఇచ్చారు" అన్నారు రాజోలు వైపు ఒక పెద్దాయన. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఒక చిక్కుంది. భారత పౌరుడు తన సొంత సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే ఫరవాలేదు. అమెరికా పౌరుడైపోతే అది విదేశీ విరాళం, 2010 నాటి చట్టం అడ్డొస్తుంది. అందుకని ముందే అడిగాను.

"బాబాయిగారూ, అబ్బాయికి సిటిజన్‌షిప్ వచ్చేసిందాండి?"

"ఇంకా లేదు, గ్రీన్‌కార్డే. ఏం, మంచి సంబంధం ఏదన్నా ఉందా?"

నేను నోరు తెరిచేలోగా పిన్నిగారు కాఫీతోపాటు జాతకం తెచ్చేశారు. ఇప్పుడు నా రసీదు పుస్తకం నిండా జాతకాలే. డిగ్రీ చదివిన అమ్మాయి ఎవరైనా ఉంటే చెప్పండి. కుదిరితే వచ్చే కమిషన్‌తో మైకైనా కొంటాను.