నడక నేర్చింది, గడప దాటలేదు

2020 మార్చి 22, కరోనా కాలపు జనతా కర్ఫ్యూ.
సాయంత్రం 5 గంటలకు హైదరాబాద్ లాల్‌దర్వాజా సందులో పళ్లేలు మోగాయి.
ఉయ్యాల్లోని పాప ఉలిక్కిపడి లేచింది.
బారసాలకు మేళం పెట్టలేదన్న లోటు అలా తీరింది.

మేనమామ వీడియో కాల్‌లోనే దీవించాడు.
'మరి కానుకేదిరా?' అని అమ్మమ్మ అడిగేసరికి సిగ్నల్ పోయింది.

ఆషాఢంలో బోనం ఇంట్లోనే.
అంతకుముందు పక్క గల్లీలో ఈద్ నమాజూ ఇంట్లోనే.
ఆ రంజాన్‌కు హలీం బట్టీలు వెలగలేదు.
పాతబస్తీలో హలీం లేని రంజాన్!
పోనీయండి, ఆ పుండు ఇప్పుడు గెలకొద్దు.

పెళ్లికి 50 మందే అన్నది సర్కారు.
పాప పిన్ని పెళ్లిలో ఆ లెక్క మేనత్తలతోనే నిండింది.
పెళ్లికొడుకు 51వ వాడు.
'మావాణ్ని ఎక్కడ నిలబెడతారు?' అని వియ్యపురాలి అలక.

పాప అన్నయ్యది మూడో తరగతి.
ఇంట్లో ఫోన్ ఒక్కటే.
వాడి బడీ అందులోనే, నాన్న ఆటో గిరాకీ అందులోనే.
లెక్కల టీచర్ ఎక్కం అడుగుతుంటే మధ్యలో ఫోన్.
'చార్మినార్‌కు ఎంత తీసుకుంటవ్?'
వాడు ఠక్కున జవాబు చెప్పాడు.
ఆ ఏడాది వాడికొచ్చిన లెక్క అదొక్కటే.
అయినా పరీక్ష లేకుండానే నాలుగుకు పంపేశారు.

తెలంగాణలో మద్యం దుకాణాలు 2020 మే 6న తెరుచుకున్నాయి.
చిన్నపిల్లల బడులు 2021 సెప్టెంబరు 1న.
కొడుకు కంటే నాన్నకే దాదాపు 16 నెలల ముందు అడ్మిషన్ దొరికింది.