పిరమిడ్ రాయుడు

పిరమిడ్ రాయుడు అన్ని దేశాల్లోనూ ఉంటాడు. అతను ఈజిప్టు వెళ్ళి ఉండాలన్న నియమం లేదు. ఒక కొలతల పట్టిక, ఒక క్యాలిక్యులేటర్, "ఇదీ కాకతాళీయమేనంటారా?" అనే ఒక ప్రశ్న, ఇవే అతని ఆస్తి. గీజాలోని పెద్ద పిరమిడ్ సుమారు 4,500 ఏళ్ళ కిందట ఖుఫు రాజు కట్టించుకున్న సమాధి అని ఎవరైనా అంటే జాలిగా నవ్వుతాడు. సుమారు 23 లక్షల రాళ్ళు పేర్చింది ఒక్క శవం కోసమా!

ఈ వంశానికి మూలపురుషుడు జాన్ టేలర్ అనే లండన్ ప్రచురణకర్త. పిరమిడ్‌ను చూడకుండానే 1859లో దాని రహస్యం విప్పాడు. ఎత్తును రెండింతలు చేసి అడుగు చుట్టుకొలతను దానితో భాగిస్తే పై (π) విలువ వస్తుందన్నాడు. వస్తుంది, నిజమే. ఈజిప్టు మేస్త్రీలు వాలును మూర ఎత్తుకు ఇన్ని బెత్తెలు లోపలికి అని కొలిచేవారు. వాళ్ళ మూరకు ఏడు బెత్తెలు, ఈ పిరమిడ్‌కు ఐదున్నర బెత్తెల వాలు. ఆ వాలు పెట్టాక 22/7 దానంతటదే వచ్చి కూర్చుంటుంది. రాయుడికి ఈ సంగతి చెప్పడం, పెళ్ళిపందిట్లో జాతకం తప్పని చెప్పడం ఒకటే.

టేలర్ శిష్యుడు పియాజీ స్మిత్ తేలికమనిషి కాడు. స్కాట్లండ్ రాజఖగోళవేత్త. 1865లో గీజాలో మకాం వేసి, మెగ్నీషియం వెలుగులో పిరమిడ్ లోపల ఫొటోలు తీశాడు. లెక్క కుదరడానికి బ్రిటిష్ అంగుళానికి వెయ్యో వంతు చేర్చి 'పిరమిడ్ అంగుళం' అన్నాడు. వచ్చిన మార్కులకు తగ్గట్టు పాస్ మార్కు దించుకోవడం లాంటిదిది. అలాంటి అంగుళాలు 25 అయితే ఒక పవిత్ర మూర, అలాంటి మూరలు 365.24 అయితే పిరమిడ్ ఒక భుజం, అంటే ఏడాదిలోని రోజులు! లోపలి పెద్ద నడవకు అంగుళానికో ఏడాది చొప్పున లెక్కగట్టిన భక్తులు 1881-82లో యుగాంతమన్నారు. ఆ ఏళ్ళు వచ్చాయి, పోయాయి. రాయుడు తేదీ దిద్దుకున్నాడు.

స్మిత్‌ను నమ్మిన ఇంట్లో పెరిగిన ఫ్లిండర్స్ పెట్రీ 1880లో కొలతలు సరిచూడ్డానికి గీజా చేరి, ఒక పాత రాతి సమాధిలో కాపురం పెట్టాడు. ఎండకు లోదుస్తులతోనే పనిచేసేవాడు. అవి గులాబీ రంగువైతే యాత్రికులు దగ్గరికి రారని కనిపెట్టాడు కూడా. అతని కొలతలో భుజం సుమారు 9,069 బ్రిటిష్ అంగుళాలే తేలింది. పవిత్ర సంవత్సరంలో దాదాపు మూడు రోజులు మాయం! లోపల ఇంకో వింత చూశాడు. ఒక సిద్ధాంతి గ్రానైట్ రాతిమీది బొడిపెను, లెక్కకు సరిపోయేదాకా ఆకురాయితో అరగదీస్తున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. నాలుగోదాన్ని అరగదీసేవాడు మాత్రం రాయుడొక్కడే.

స్మిత్ మాట మార్చలేదు. 1900లో పోయాక ఇంగ్లండులోని షారో గ్రామంలో అతని సమాధిని పిరమిడ్ ఆకారంలోనే కట్టారు.

ఇరవయ్యో శతాబ్దపు రాయుడు అట్టముక్కలతో పిరమిడ్ చేసి, దాని కింద పాత షేవింగ్ బ్లేడు పెడతాడు. బ్లేడు పదునెక్కుతుందట. చెకొస్లొవేకియాలో 1959లో దీనికి పేటెంటు కూడా ఇచ్చారు. గడ్డంమీద దూది అతికించుకుని, ఇదివరకటికన్నా నున్నగా దిగిందంటాడు.

2013లో ఎర్రసముద్రపు ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో, పిరమిడ్ కట్టినవాళ్ళ పద్దే దొరికింది. మెరర్ అనే ముఠా మేస్త్రి, సుమారు 40 మంది మనుషులతో తూరాలో సున్నపురాళ్ళు పడవకెక్కించాడు, గీజాలో దించాడు, రాత్రి ఫలానా చోట పడుకున్నాడు, మళ్ళీ తూరా. రాయుడు అంతా ఓపిగ్గా చదివి, 40 అన్న అంకె కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీశాడు.