‘స్వీప్’ అనే మాటకు బహిరంగ లేఖ

ఇంగ్లీషు నుంచి మా ఇళ్లలోకి వచ్చిన ‘స్వీప్’ అనే మాటకు,

అండమాన్‌లోని జంగ్లీఘాట్ నుంచి రాస్తున్నాను. మా ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది గానీ, మా నోళ్లలో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. మా పెద్దలు ఉత్తరాంధ్ర తీరం వదిలి విశాఖలో ఓడెక్కి వచ్చినవాళ్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఆ తెలుగులో నువ్వు చేస్తున్న పని గురించే ఈ ఉత్తరం.

నువ్వు తిరగని చోటు లేదు. ఓటర్లను చైతన్యపరచడానికి ఎన్నికల సంఘం 2009లో మొదలుపెట్టిన కార్యక్రమం పొడి అక్షరాలు కలిపి పలికితే ‘స్వీప్’. దాని పక్క వార్తలోనే ఫలానా పార్టీ ‘క్లీన్ స్వీప్’. ఆటల పేజీలో స్పిన్నర్ మీద స్వీప్ షాట్. సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ మైన్‌స్వీపర్, పిల్లలు కంప్యూటర్లో ఆడే ఆట కూడా మైన్‌స్వీపరే. ఆధారం లేకుండా అందరినీ ఒకే గాటన కట్టేస్తే స్వీపింగ్ స్టేట్‌మెంట్. మాటన్నాక నాలుగు ఊళ్లు తిరుగుతుంది, తిరగనీ. నాకు నీతో ఉన్న పేచీలు రెండే.

మొదటిది సముద్రం సంగతి. 2004 డిసెంబరు 26, ఆదివారం, సునామీ వచ్చిన రోజు. కార్ నికోబార్‌లో, కచ్చల్‌లో ఊళ్లకు ఊళ్లే లేకుండా పోయాయి. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వెళ్లింది. ‘సముద్రం ఊడ్చుకుపోయింది’ అన్న మాట ఆనాటి నుంచి మా ఇంట్లో ఎవరూ తేలిగ్గా అనరు. ఎన్నికల ఫలితాల రోజు ఒక తెలుగు చానల్ ‘సునామీ’, ‘క్లీన్ స్వీప్’ అని ఒకే పట్టీలో వేస్తే, మా అమ్మ లేచి టీవీ కట్టేసింది. గెలుపు చెప్పడానికి మా చావులు తప్ప వేరే పోలిక దొరకలేదా?

రెండోది ఇంకా పెద్దది. మనిషి పేరు మీద కూర్చున్నావు నువ్వు.

మాకిక్కడ ఎండాకాలం అయిదు గంటలకే బాగా వెలుగొస్తుంది. అప్పటికే మా వీధి ఊడ్చే ఆమె చీపురు చప్పుడు. కొబ్బరీనెల చీపురు, పొడుగు కర్ర, పట్టు జారకుండా చుట్టిన సైకిల్ ట్యూబు. మొదలు నేలకేసి రెండుసార్లు కొట్టి ఈనెలు సమం చేసుకుంటుందామె. గాలికి ఎదురుగా ఎప్పుడూ ఊడ్వదు. వానలప్పుడు రోడ్డుకు అంటుకుపోయిన ఆకుల్ని చీపురు వాలుగా పట్టి గీకుతుంది. పని తెలిసిన చెయ్యి అది. ఒకరోజు టీ ఇచ్చి పేరడిగాను. “ఇన్నేళ్లలో నా పేరెవులూ అడగలేదు బాబూ, స్వీపరమ్మా అంతారు” అంది. కొడుకు బడి ఫారంలో ‘తల్లి వృత్తి’ అన్న గడిలో ఎవరో ‘స్వీపర్’ అని రాసిన రోజు, ఆ పిల్లాడు రాత్రి అన్నం తినలేదట.

నీ పుట్టింట్లోనూ ఇంతే కదా. ఇంగ్లాండులో పొగగొట్టాల్లోకి ఎక్కించిన చిన్నపిల్లల్ని నీ పేరుతోనే పిలిచారు. 1875 చట్టం వచ్చేదాకా ఆ పని ఆగలేదు. మా దేశానికొచ్చి కులంతో చేతులు కలిపావు. ‘స్వీపర్లను’ ఫలానా కులాల నుంచే తీసుకోవాలని జైలు నియమాల్లో రాసి ఉండేది. అలాంటి నియమాలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తేల్చింది. సెల్యులార్ జైలున్న ఊళ్లో ఉంటున్నాను. ఆ తీర్పు వార్త చదువుతుంటే స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్లకు గానీ ఆ ముక్క జైలు దాటలేదా అని గుండె మండింది.

మా భాష నిర్దోషి అని నేననను. ‘పాకీ’ అనే మాటతో ఇదే పాపం చేసింది. కానీ మాకు మంచి మాటలూ ఉన్నాయి. కోస్తాలో ఊడుస్తారు, సీమలో కసువు చిమ్ముతారు, తెలంగాణలో వాకిలి ఊకుతారు. అవన్నీ చేసే పనిని చెప్పే మాటలు. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ నడిపే ఉద్యమం పేరు సఫాయి కర్మచారి ఆందోళన్. కర్మచారి అంటే ఉద్యోగి. జీతం, సెలవు, చేతికి గ్లవ్స్, పింఛను అడిగే హక్కున్న మనిషి.

కాబట్టి బ్యాటు దగ్గర ఉండు, ఓటు దగ్గర ఉండు. మనిషి మీంచి మాత్రం లే.

ఇది చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, మీకూ ఒక మాట. ఫారం నింపేటప్పుడు ‘పారిశుధ్య కార్మికురాలు’ అని రాయండి. రేపు పొద్దున్న మీ వీధి ఊడ్చే మనిషిని పేరడగండి. ఎల్లుండి ఆ పేరుతోనే పిలవండి.

ఇట్లు,
జంగ్లీఘాట్ తెలుగువాడు