ఉడుతకు ఇండెంటు

(కాకినాడలో ఒక డాబా వరండా, ఆదివారం పొద్దున. పాత్రలు నాలుగు. భయంకర్: ప్రతి వాక్యంలో సగం మీద నల్లగీత కొట్టందే నిద్రపట్టని రచయిత. ముద్దులు: ఏ జంతువును చూసినా టోపీ పెట్టాలనిపించే రచయిత్రి. సూపరింటెండెంట్: ముద్దులుకు పెదనాన్న, కలెక్టరేట్లో రిటైరయ్యారు. ఓటరు: పేరు లేదు, మూల కుర్చీలో కూర్చుని ప్లస్ అనో మైనస్ అనో అంటాడు. ఎస్‌సీపీ ఫౌండేషన్ అనే ఉమ్మడి కథాలోకానికి పంపడానికి భయంకర్, ముద్దులు కలిసి ఒక కథ రాశారు. కలిసి రాశారు కాబట్టి ప్రస్తుతం ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.)

సూపరింటెండెంట్: ముందు ఈ ఫౌండేషన్ ఏమిటో చెప్పండి. చందాలవాళ్ళా?

ముద్దులు: కాదు పెదనాన్నా, కల్పిత సంస్థ. లోకంలో ఉన్న వింత వస్తువుల్నీ ప్రాణుల్నీ పట్టుకొచ్చి, జనానికి తెలియకుండా బంధించి ఉంచుతుంది. ఒక్కో వింతకు ఒక నంబరు, ఒక ఫైలు. కథంతా ఆ ఫైలే. 2007లో ఎవరో పేరు చెప్పకుండా మొదటిది రాశారు, దాని నంబరు 173. ఆ తర్వాత ఎంతోమంది తలా ఒకటి రాస్తూ పోయారు.

భయంకర్: కాంక్రీటు బొమ్మండీ అది. చూస్తున్నంతసేపూ కదలదు. చూపు తప్పించామో, మెడ విరిచేస్తుంది. దాని గది కడగాలంటే ముగ్గురికి తక్కువ లోపలికి పోకూడదు. ఇద్దరు కళ్ళార్పకుండా దాన్నే చూస్తుండాలి. రెప్ప వేసేముందు పక్కవాడికి చెప్పాలి.

సూపరింటెండెంట్: బాగుంది. ఈ రాసినవాడెవడో ఆఫీసులో పనిచేసి ఉంటాడు.

భయంకర్: అందులో భయం చూశారా మాస్టారూ?

సూపరింటెండెంట్: ముందు గది కడిగేవాణ్ణి చూశానయ్యా. ఎంతటి దెయ్యమైనా దాని గది కడగాలి, అందుకొక డ్యూటీ చార్టు ఉండాలి. నవ్వొచ్చింది. ఆ చార్టులో నా పేరుంటేనో అనుకున్నాను. నవ్వు ఆగిపోయింది.

ఓటరు: ప్లస్.

(ఈ ఓటరుకు కారణం చెప్పే అలవాటు లేదు. ఓట్లు తగ్గి మైనస్ 10కి దిగిన ఫైలును ఆ లోకంలో తొలగించవచ్చు. అంత అధికారం ఉన్నవాడు కారణాలు ఎందుకు చెబుతాడు?)

సూపరింటెండెంట్: సరే, మీది చదవండి.

ముద్దులు: "ఇది బొచ్చుబొచ్చుగా, బుజ్జిబుజ్జిగా ఉండే ఉడుతపిల్ల! ఎవరైనా బాధగా ఉంటే గబగబా వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. అంతే, బాధ హుష్ కాకి! డాక్టర్లందరూ కలిసి దానికి చిట్టి టోపీ కుట్టారు. దాని తోక చూసి డైరెక్టర్ గారే అబ్బో అన్నారు!"

ఓటరు: మైనస్.

భయంకర్: తర్వాతి పేరా నాది. "ఆ రాత్రి ▇▇▇▇ గదిలో అది ▇▇▇▇ మందిని ▇▇▇▇. వారి ▇▇▇▇ నేటికీ దొరకలేదు."

ఓటరు: మైనస్.

సూపరింటెండెంట్: ఇదేమిటయ్యా, సమాచార హక్కు కింద అడిగితే ఇచ్చిన కాగితంలా ఉంది.

భయంకర్: అది ఫౌండేషన్ సంప్రదాయమేనండీ. ఎంత తక్కువ చెబితే అంత భయం.

సూపరింటెండెంట్: ఆ మూడో గీత కింద ఏముంది?

భయంకర్: అంటే... ఏదో ఘోరం.

సూపరింటెండెంట్: నీకూ తెలీదన్నమాట. మా సెక్షన్లో ఒకాయన ఉండేవాడు. ఫైల్లో సరుకు లేనప్పుడల్లా పైన "రహస్యం" అని ముద్ర కొట్టేవాడు. ఆ ముద్ర చూసి మేం ఫైలు తెరవడమే మానేశాం.

ముద్దులు: అలా అడగండి! ఈయన వరసే అంత. ఉడుత నాది పెదనాన్నా. నాకు చెప్పకుండా రెండో పేజీలో దానికి కోరలు మొలిపించాడు.

భయంకర్: మొలిపించక? హారర్ అని చెప్పుకుని ఉడుతకు టోపీ ఏమిటండీ! నవ్వించుకోవాలంటే నంబరు చివర జె పెట్టే ఫైళ్ళు వేరే ఉన్నాయి, జోకులన్నీ అక్కడే. పోయి అక్కడ రాసుకోమనండి.

ముద్దులు: మరి 999 సంగతేమిటి? దానికి జె లేదు. నారింజ రంగు జిగురుముద్ద, కుక్కపిల్లలా మీద పడి కితకితలు పెడుతుంది, దాన్ని ముట్టుకుంటే దిగులు పోతుంది. అందరికీ అదంటే ప్రాణం.

భయంకర్: అందరికీ ప్రాణమవడమే దాని రోగం. ఎవరి కథలో ఎవరికి కష్టమొచ్చినా 999ని పిలుచుకొస్తున్నారు. చావుకథలో పిలుస్తారు, అనాథ కథలో పిలుస్తారు. ఒకడు పేజీలకొద్దీ భయం కూడబెట్టుకుంటే, ఇంకోడొచ్చి కితకితలతో ఖర్చుపెట్టేస్తాడు. ఉమ్మడి ఆస్తి కదా, అడిగేవాడు లేడు.

సూపరింటెండెంట్: ఆ జిగురుముద్ద ఫైలు పూర్తిగా చదివారా? లేక మొదటి పేజీ చదివి ముద్దుపెట్టుకున్నారా?

ముద్దులు: చదివాను. 682 అని ఒక సరీసృపం ఉంది. దాన్ని చంపడం ఎవరివల్లా కాదు, ఆమ్లంలో ముంచి ఉంచుతారు. ప్రాణమున్నదేదైనా దానికి అసహ్యం. 999ని దాని గదిలోకి వదిలారు. ఇది పోయి కితకితలు పెడితే ఆ రాక్షసి నవ్వింది!

భయంకర్: తర్వాత?

ముద్దులు: తర్వాత... 682 ఒంట్లోంచి ఏదో తరంగం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వాపుకోలేక కింద పడిపోయారు. ఆ సందులో అది బయటపడి, దారిలో దొరికినవాళ్ళందర్నీ చంపుకుంటూ పోయింది.

సూపరింటెండెంట్: జిగురుముద్ద?

ముద్దులు: చాతనైనంతమందిని పక్కకు లాగింది. అంత జరిగినా దానికి 682 అంటే భయం పుట్టలేదు. మళ్ళీ ఆడుకుంటానన్నట్టు సైగలు చేస్తుంది.

సూపరింటెండెంట్: చూశావా, ఆ ముద్ద మారలేదు. దానికి పళ్ళు మొలవలేదు, కోపం రాలేదు. మొదటి పేజీలో ఎంత అమాయకమో చివరా అంతే. ఎదుటివాడు మారలేదు కాబట్టి జనం చచ్చారు. భయంకర్ బాబూ, నువ్వైతే ముద్దకు కోరలు పెట్టేవాడివి. అమ్మాయీ, నువ్వైతే 682కు టోపీ పెట్టేదానివి.

ఓటరు: ప్లస్.

భయంకర్: అది అరుదైన విషయమండీ. తొలిరోజుల్లో ఏం జరిగిందో మీకు తెలీదు. ఫౌండేషన్ డాక్టర్లందరూ హీరోలైపోయారు. కొండ్రాకీ అనే డాక్టరు ఒక కథలో ఆ 682 మీదెక్కి స్వారీ చేశాడు! బ్రైట్ అనే ఇంకో డాక్టరు చేయకూడని పనులంటూ ఒక జాబితా మొదలైంది. వచ్చినవాడల్లా ఒక అంశం చేర్చిపోయాడు. ఎప్పటికీ అవదనిపించేది.

సూపరింటెండెంట్: మొదటి అంశానికి నవ్వొచ్చి ఉంటుంది.

భయంకర్: మొదటిదానికి నాకూ వచ్చింది. కాస్త.

సూపరింటెండెంట్: నోటు ఫైలంటే అదేగా మరి. మొదటి గుమాస్తా పని గురించి రాస్తాడు. రెండోవాడు మొదటివాడి చమత్కారం చూసి తనదొకటి రాస్తాడు. పదోవాడి దగ్గరికి వచ్చేసరికి అర్జీదారు ఎవరో మర్చిపోతారు. ఏం, అంత ప్రమాదకరమైన చోట క్రమశిక్షణ చర్యలుండవూ? స్వారీ చేసిన డాక్టరుకు మెమో ఇవ్వరూ? మెమో లేని ఆఫీసును నేను నమ్మను. ఆఫీసును నమ్మకపోతే, దాని దెయ్యాన్ని మాత్రం ఎలా నమ్మమంటావు?

ముద్దులు: అంటే నవ్వు వద్దనే కదా మీరనేది. ఈయన పక్షం చేరిపోయారు.

సూపరింటెండెంట్: ఎవరన్నారు? పాతాళభైరవి చూశావా, 1951ది? అందులో నేపాళ మాంత్రికుడు ఒక్క జోకు వేస్తాడా? ఎస్వీ రంగారావు ఆ గొంతుతో, ఆ యాసతో మాట్లాడుతుంటే హాలంతా నవ్వింది. వాడు మాత్రం కుర్రాణ్ణి బలివ్వాలనే లెక్కలోనే ఉన్నాడు. మనం నవ్వడం వాడికి తెలీదు. అదే రంగారావు 1957లో మాయాబజార్‌లో ఘటోత్కచుడు. రాక్షసుడే, కానీ మనతో కలిసి నవ్వే రాక్షసుడు. పసిపిల్ల కూడా జడుసుకోలేదు. భయపెట్టడం ఆ సినిమాకు అక్కర్లేదు, అందుకని అక్కడ ఒప్పింది. నీకు కావలసింది మాంత్రికుడు. పట్టుకొచ్చింది ఘటోత్కచుణ్ణి.

ముద్దులు: అయితే 2006 నంబరు వినండి. మీకు నచ్చుతుంది. దానికి మనుషుల్ని భయపెట్టడమంటే మహా సరదా. ఏ రూపమైనా ఎత్తగలదు. కానీ నిజంగా దేనికి భయపడతామో దానికి తెలీదు. 1953లో రోబాట్ మాన్‌స్టర్ అని ఒక చవకబారు సినిమా వచ్చింది, అందులో గొరిల్లా తోలు తొడుక్కుని నెత్తిన డైవర్ల హెల్మెట్ పెట్టుకున్న వేషం ఒకటుంది. ఎక్కువగా ఆ వేషంలోనే వచ్చి "బూ" అంటుంది. సిబ్బంది హడలిపోయినట్టు నటించాలి. నవ్వకూడదు.

సూపరింటెండెంట్: నవ్వితే?

ముద్దులు: ఇది పనిచేయడం లేదని దానికి తెలిసిపోతుంది. ఇంకోటి వెతుక్కుంటుంది. అసలైనది దొరికేదాకా వెతుకుతుంది. అందుకే దాన్ని కేటర్ అనే వర్గంలో పెట్టారు, అదుపు చేయడం బాగా కష్టమైనవి అందులో ఉంటాయి.

సూపరింటెండెంట్: అబ్బ! దాని ముందు వణుకుతూ నిలబడ్డ గుమాస్తాను తలుచుకో. కడుపులో నవ్వు తన్నుకొస్తోంది, అది బయటికి వస్తే లోకం మునుగుతుంది. మేం కలెక్టరు గారి జోకులకు నవ్వేవాళ్ళం. వీళ్ళది మాకంటే కష్టమైన ఉద్యోగం. ఈ ఫైల్లో ఎక్కడైనా, ఇది తమాషాగా ఉంది అని రాశారా?

ముద్దులు: లేదు. చాలా గంభీరంగా రాశారు.

భయంకర్: (అయిష్టంగా) 131 కూడా అలాంటిదే. కన్నీటిబొట్టు ఆకారంలో ఒక జంట, ఒక్కోదానికి ఒక్కటే కన్ను, కింద చక్రం. పెంపుడు పిల్లుల్లా వెంటపడతాయి. చూస్తే నాకే... సరే వదిలేయండి. వాటికి రెప్ప వేయాల్సిన పనిలేదు. 173 గదిలోకి తీసుకెళితే దాన్నే చూస్తూ కూర్చుంటాయి.

ముద్దులు: నీకే ఏమిటి? చెప్పు, నీకే ఏమిటి?

భయంకర్: ఏమీ లేదు.

సూపరింటెండెంట్: ముద్దొచ్చింది, ఒప్పుకో. అక్కడ ముద్దుకు ఒక ఉద్యోగముంది కాబట్టి వచ్చింది. ఇక ఆ కాగితం ఇలా ఇవ్వండి. ఆశ్చర్యార్థకాలన్నీ కొట్టేస్తున్నాను. నల్లగీతలు కూడా.

ఇద్దరూ: అయ్యో!

సూపరింటెండెంట్: (రాస్తూ చదువుతారు) "నిర్బంధ పద్ధతి. ఉడుతకు రోజుకు వేరుశనగపప్పు 50 గ్రాములు, ఇండెంటు మీద స్టోర్సు నుంచి తీసుకోవలెను. ఏ ఉద్యోగీ దానిని పది నిమిషాలకు మించి ఒళ్ళో ఉంచుకొనరాదు. వివరణ. ఉడుత ఒళ్ళో కూర్చున్న వ్యక్తికి ఆ తర్వాత ఏ విషయమై కూడా విచారం కలుగదు."

ముద్దులు: టోపీ?

సూపరింటెండెంట్: ఆగు. "ఆడిట్ అభ్యంతరం 1. ఈ విభాగమునకు మంజూరైన పోస్టులు 12. జీతములు 12 మందికీ డ్రా చేయడమైనది. తనిఖీ దినమున పనిలో ఉన్నవారు 9. సంజాయిషీ కోరడమైనది. జవాబు: ఉడుత క్షేమముగా ఉన్నది."

(భయంకర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.)

సూపరింటెండెంట్: "అభ్యంతరం 2. మిగిలిన ముగ్గురి గురించి విచారించగా, సిబ్బంది వారి బల్లలు చూపినారు. ముగ్గురూ తమ కుర్చీలలోనే ఉన్నారు. సుమారు మూడు మాసములుగా అట్లే ఉన్నారని సిబ్బంది తెలిపినారు. కిటికీ తెరిచి ఉంచుతున్నామనియు, వాసన వలన పనికి అంతరాయము లేదనియు రాసి ఇచ్చినారు."

ముద్దులు: పెదనాన్నా!

సూపరింటెండెంట్: "అభ్యంతరం 3. భోజన విరామమున ఉడుత తనిఖీ అధికారి ఒళ్ళో కూర్చున్నందున, ఈ అభ్యంతరము ఉపసంహరించుకోవడమైనది."

(ఓటరు కుర్చీలోంచి లేచాడు. అతను ఇంతవరకూ పూర్తి వాక్యం మాట్లాడగా ఎవరూ వినలేదు.)

ఓటరు: ఇంతకీ వాళ్ళెలా చచ్చిపోయారండీ?

సూపరింటెండెంట్: ఫైల్లో లేదు. అడగాలనిపించినవాడు అక్కడ లేడు.

భయంకర్: అక్కడొక నల్లగీత కొడితే...

సూపరింటెండెంట్: ఎవరు కొడతారు? దాచాలంటే సిగ్గో బెంగో ఉండాలి. ఆ ఆఫీసులో ఎవరికీ లేదు కదయ్యా.

ముద్దులు: ఉడుత మాత్రం నేను రాసినట్టే ఉంది. ఒక్క కోర కూడా లేదు. (ఆలోచించి) టోపీ ఒక్కటి ఉంచండి పెదనాన్నా, ప్లీజ్.

సూపరింటెండెంట్: ఉంచుకోవే. స్టాకు రిజిస్టరులో రాయి. ఉన్ని టోపీ, ఒకటి. కుట్టువారు: ఆ ముగ్గురిలో ఒకామె. వివరం: సగం అయినది. పరిస్థితి: పెండింగు.

(ముద్దులు రాసింది. రాశాక ఆ లైనును ఇంకోసారి చదువుకుని, పెన్ను కింద పెట్టేసింది.)

ఓటరు: ప్లస్.

భయంకర్: రచయితల పేర్లు వేయాలి. అక్కడ ఎవరి రాతైనా ఎవరైనా వాడుకోవచ్చు గానీ, పేరు చెప్పి వాడుకోవాలి. నా పేరు ముందుంటుంది.

ముద్దులు: ఉడుత నాది!

భయంకర్: శవాలు నావి!

ముద్దులు: నువ్వు పెట్టినవి గీతలు. శవాలు పెదనాన్నవి.

సూపరింటెండెంట్: ఇద్దరి పేర్లూ పెన్సిలుతో రాయండి. ఓట్లు లెక్కతేలాక ఇంకుతో దిద్దుకుందాం.